సిలిండరు మెడ మీద తేదీ

యాభయ్యో ఏట వకుళ సముద్రం అడిగింది.
ఒడ్డు కాదు, అడుగు.
రవికెగుడ్డ అడిగినంత తేలిగ్గా అడిగి
పెసరట్టు తిరగేసింది.

నాకు ఈత రాదు.
అంబత్తూరులో గ్యాస్ సిలిండర్లు పరీక్షించే షెడ్డులో
ఇరవయ్యారేళ్ళుగా ఇనుముతోనే నా మాటామంతీ.
వేలి కణుపుతో కొడితే
మంచిది గంటలా మోగుతుంది,
తుప్పు తిన్నది దగ్గుతుంది.
అంతే నా చదువు.

ఆదివారం స్కూటరు మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టాం.

నీలాంగరైలో మొదటి దుకాణం.
గోడ నిండా తాబేళ్ళు, అద్దాల తలుపు, ఏసీ.
కుర్రాడు టీషర్టు ఇస్తానన్నాడు, వీడియో తీసిస్తానన్నాడు,
ఇద్దరొస్తే మూడోవాళ్ళకి సగమే అన్నాడు.
"మూడోవాళ్ళు లేరు" అంది వకుళ.
గాలి ఎక్కడ నింపుతారని నేనడిగితే
కాసేపు నీళ్ళు నమిలాడు.
వెనక్కి వెళ్ళి చూశాను.
కంప్రెసరు గాలి పీల్చే గొట్టం పక్కనే
జనరేటరు పొగ.
ఆ గాలి ఈవిడ పీల్చాలి, పది మీటర్ల కింద.
ఇన్నేళ్ళూ నా గాలిమాటలు పీల్చింది చాలదూ?

తరవాతిది పెద్ద రిసార్టు,
గదీ డైవింగూ కలిపి ఒకే బిల్లు.
మంచం మీంచే సముద్రం కనిపిస్తుందట.
"మూడు రోజులు దాని లోపలే ఉంటానమ్మా,
పైకొచ్చాక నాక్కావలసింది వేణ్ణీళ్ళు,
తడిబట్టలు ఆరేసుకోడానికో తీగ."
బాల్కనీలో బట్టలు ఆరెయ్యరాదన్న కాగితం
లామినేషన్ చేయించినది
నవ్వుతూ ముందుకు తోసింది రిసెప్షన్ పిల్ల.

కోవళంలో, వలలు బాగుచేసే వీధి చివర,
ఉప్పుగాలి సగం తినేసిన బోర్డు.
అరుళ్‌దాసు ధర చెప్పలేదు.
ఉబ్బసం ఉందా అన్నాడు.
చెవి ఎప్పుడైనా కారిందా?
మెట్లెక్కితే ఎన్నో అంతస్తులో ఆగుతారు?
భయమేస్తే ఏం చేస్తారు,
అరుస్తారా, బిగుసుకుపోతారా?
"బిగుసుకుపోతాను" అంది వకుళ.
ఇరవయ్యేడేళ్ళ కాపురంలో
నేను అడగని ప్రశ్న.

మొహం దాచుకోడానికి
సిలిండర్ల దగ్గర గొంతుక్కూర్చున్నాను.
మెడ మీద పొడిచిన అంకెలు వేలితో తడిమాను.
పరీక్ష తేదీ, కిందటి మార్చి.
కణుపుతో కొట్టాను. మోగింది.

పక్కన మేకుకి నోటుబుక్కు వేలాడుతోంది.
తమిళం నాకిప్పటికీ కూడబలుక్కోవడమే.
తొమ్మిది: అడుగు మసక. వెళ్ళలేదు.
పది: గాలి జోరు. వెళ్ళలేదు.
పదకొండు: వెళ్ళాం. నలుగురం. నలుగురమూ వచ్చాం.

ఆ చివరి ముక్క కోసం
అడ్వాన్సు అక్కడే తీసిచ్చాను.

తెల్లవారుజాము పడవ అంబత్తూరు నుంచి అందదు.
ఆయన చెల్లెలి లాడ్జి రెండు వీధులవతల.
లిఫ్టు లేదు.
సముద్రం కనపడదు, వాసనొస్తుంది.
పెరట్లో సిమెంటు తొట్టి, మంచినీళ్ళ కుళాయి,
గోడకీ కొబ్బరిచెట్టుకీ మధ్య నైలాన్ తాడు.
వకుళ తాడు లాగి చూసి
"ఇదే" అంది.

శుక్రవారం రాత్రి చీకట్లో
ముక్కు నొక్కుకుని చెవుల్లోకి గాలి ఊదుకుంటోంది.
"ఊపిరి బిగబట్టకూడదట, అదే మొదటి పాఠం" అంటూ
మళ్ళీ ఊదింది.
నేను బిగబట్టుకునే పడుకున్నాను.

నాలుగున్నరకి ఫోను.
"ఇవాళ వద్దు సార్. అడుగు తెలీడం లేదు.
డబ్బు కావాలంటే వాపసు."

"నవ్వకు" అంది వకుళ గోడవైపు తిరిగి.
నవ్వలేదు, గాలి వదిలానంతే.
ఆ నోటుబుక్కులో ఇవాళ్టి తేదీ పక్కన
మేమూ ఉంటాం: వెళ్ళలేదు.

తెలవారకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరింది.
వెనకే నేను, టీ డబ్బులు జేబులో వేసుకుని.
మోకాళ్ళ దాకా దిగి
తడిసిన చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి
రెండో చెయ్యి నావైపు చాచి అడిగింది:

మరి నువ్వు?
భయమేస్తే నువ్వేం చేస్తావు?